వీసా అడగని రేవు

షాంఘైలో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాటలు వీసా దగ్గరికి రాకుండా ఉండవు. వర్క్ పర్మిట్‌కి ఒక ఆఫీసు, రెసిడెన్స్ పర్మిట్‌కి ఇంకో ఆఫీసు, ఇల్లు మారితే 24 గంటల్లోగా పోలీస్ స్టేషన్‌లో నమోదు. మొన్న భోజనాల దగ్గర ఈ గోడు మొత్తం విన్న ఇక్కడి పెద్దాయన ఒకరు నవ్వుతూనే చురక వేశారు. "ఒకప్పుడు ఈ ఊరు హిట్లర్‌కి భయపడి పారిపోయిన యూదుల్ని దాదాపు ఇరవై వేల మందిని వీసా అడక్కుండా దిగనిచ్చింది. ఆ ఓడలు మీ బొంబాయిలో ఆగి మరీ వచ్చాయి. అక్కడెందుకు దిగలేదో?"

జవాబు ఉంది, కానీ ఒక్క ముక్కలో చెప్పేది కాదు. అసలు 'వీసా అడగలేదు' అనేదే సగం మాట. ఇక్కడి టూరిస్టు కరపత్రాలు ఆ సగాన్నే పట్టుకుని ఊరి పెద్దమనసు గురించి పేజీలు నింపుతాయి. అడిగేవాడు లేక అడగలేదంతే.

1937 ఆగస్టు దాకా రేవులో పాస్‌పోర్టులు చూసే పని చైనా ప్రభుత్వానిది. ఆ ఏడాది జపాన్ సైన్యం ఊరి చుట్టూ ఉన్న చైనా ప్రాంతాలన్నీ పట్టుకున్నాక ఆ అధికారులు పోయారు. మిగిలినవి విదేశీయుల పాలనలో ఉన్న ఇంటర్నేషనల్ సెటిల్‌మెంటు, దాని పక్కన ఫ్రెంచివాళ్ళ పేట. సెటిల్‌మెంటును నడిపే మున్సిపల్ కౌన్సిల్లో బ్రిటిష్‌వాళ్ళు, అమెరికన్లు, జపాన్‌వాళ్ళు అందరూ ఉన్నారు. పాస్‌పోర్టు తనిఖీ హక్కు మాదని ఒకరంటే తక్కినవాళ్ళు ఊరుకోరు. అలా ఎవరిదీ కాని బల్ల ఒకటి దాదాపు రెండేళ్ళు ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీలోంచే జనం దిగారు. 1939 ఆగస్టులో జపాన్‌వాళ్ళు, కౌన్సిలు, ఫ్రెంచివాళ్ళు ముగ్గురూ కలిసి దాన్నీ మూసేశారు. ఆ తర్వాత రావాలంటే ముందుగా తెచ్చుకున్న ప్రవేశపత్రమన్నా ఉండాలి, పెద్దవాళ్ళకి తలకి 400 అమెరికన్ డాలర్లన్నా చూపించాలి.

దిగడం కన్నా బయలుదేరడం కష్టం. ఈ సంగతి కరపత్రాల్లో రాదు. 1938 మార్చిలో ఆస్ట్రియా హిట్లర్ చేతికి చిక్కింది. జూలైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు శరణార్థుల గురించి సమావేశమై సానుభూతి చెప్పుకుని వెళ్ళిపోయాయి. నవంబరు 9 రాత్రి నాజీలు యూదుల ప్రార్థనామందిరాలు తగలబెట్టి, వేలాది యూదు మగవాళ్ళని డాకౌ, బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరాలకి తోలారు. వాళ్ళని విడిపించాలంటే ఇంట్లోవాళ్ళు పోలీసులకి ఒకటి రుజువు చేయాలి: ఈ మనిషి దేశం వదిలి పోతాడని. దానికి ఎక్కడికో ఒక చోటికి వీసా కావాలి, ఓడ టికెట్టు కావాలి. అంటే షాంఘైలో ఎవరూ చూడని వీసాకి ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ప్రాణమంత విలువ. అప్పుడు వియన్నాలో చైనా కాన్సుల్ జనరల్‌గా ఉన్న హో ఫెంగ్‌షాన్ ఇచ్చినవి ఆ వీసాలే. బెర్లిన్‌లో ఉన్న తన పైఅధికారి ఆపమన్నా వేల సంఖ్యలో ఇచ్చాడు. కాన్సులేట్ ఉన్న భవనం యూదుడిదని నాజీలు లాక్కుంటే, సొంత డబ్బుతో చిన్న చోటు అద్దెకి తీసుకుని మరీ పని సాగించాడు. ఆ సంగతి బతికుండగా ఎక్కడా చాటుకోలేదు. 1997లో పోయాడు, ఇజ్రాయెల్ గౌరవించింది 2000లో.

వీసా దొరికినంత మాత్రాన అయిపోలేదు. యూదుడని తెలిసేలా 'జె' అక్షరం ఎర్రగా ముద్ర వేసిన పాస్‌పోర్టు తెచ్చుకోవాలి. ఉన్న ఆస్తిలో నాలుగో వంతు 'పారిపోయే పన్ను' కింద కట్టాలి. పన్ను బాకీ ఏమీ లేదన్న సర్టిఫికెట్టు తీసుకోవాలి. ఇటలీ మీదుగా వెళ్ళడానికి అనుమతి వేరే. ప్రతి కాగితానికీ గడువుంటుంది. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకోదాని గడువు దాటిపోతుంది, మళ్ళీ మొదటి కిటికీ దగ్గరికి పోవాలి. సామాను జాబితా రాసిస్తే అధికారి ఎదుట పెట్టెలు సర్ది సీలు వేస్తారు. చేతిలో తీసుకెళ్ళనిచ్చే డబ్బు పది రైష్‌మార్కులు, అంటే అప్పటి జర్మన్ డబ్బు. ఓడలో ఖర్చులకని కొంత ముందే కట్టుకోవచ్చు గానీ దాన్ని ఓడలోనే వాడుకోవాలి, దిగేటప్పుడు నగదుగా చేతికి రాదు. కాబట్టి డబ్బు బదులు అమ్ముకోగల వస్తువులు మోసుకొచ్చారు: కెమెరాలు, తోలుకోట్లు, పెళ్ళికిచ్చిన దుప్పట్లు, బల్లగుడ్డలు.

ట్రియెస్ట్ నుంచో జెనోవా నుంచో ఇటలీ ఓడలు బయలుదేరేవి. కోంటే రొస్సో, కోంటే వెర్దే, కోంటే బియాంకమానో అని వాటి పేర్లు. సూయజ్ కాలువ, బొంబాయి, కొలంబో, సింగపూర్, హాంకాంగ్ దాటుకుని నాలుగు వారాలకి అటూ ఇటూగా షాంఘై. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో ఆ దారి మూతపడింది. మిగిలింది సైబీరియా రైలు. మరుసటేడు జూన్‌లో జర్మనీ సోవియట్ మీద పడ్డాక అదీ పోయింది.

ఇక బొంబాయి. అక్కడ బల్ల ఖాళీగా లేదు, ఆ బల్ల వెనక కూర్చున్నది మనమూ కాదు. బ్రిటిష్ ఇండియాలో ఉండిపోవాలంటే వీసా కావాలి. వీసా కావాలంటే ఉద్యోగం ఖాయమై ఉండాలి, లేదా ఇతను ప్రభుత్వానికి భారం కాడని అక్కడివాళ్ళెవరైనా పూచీ పడాలి. బొంబాయి యూదుల సహాయ సంఘం అలా చాలామందికి పూచీ పడింది. యూదు డాక్టర్లకీ నిపుణులకీ ఇండియాలో చోటివ్వాలని నెహ్రూ గట్టిగా వాదించాడు, కానీ తలుపు తాళం ఆయన చేతిలో లేదు. తీరా వచ్చినవాళ్ళని కూడా 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే 'జర్మన్లు' అంటూ శత్రుదేశస్థుల కింద పట్టుకుని శిబిరాల్లో పెట్టారు. విచారణలయ్యాక చాలామందిని వదిలారు. హిట్లర్‌కి తప్పించుకుని వచ్చినవాణ్ణి హిట్లర్ మనిషని పట్టుకోవడం! అంతకు ముందే, 1934లో ప్రాగ్ నుంచి బొంబాయి చేరిన వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు ఆకాశవాణిలో పనిచేశాడు. మన ఇళ్ళల్లో పొద్దున్నే రేడియో పెట్టగానే వచ్చే ఆ తొలి బాణీ కట్టింది అతనేనంటారు.

ఇంకొకటి కూడా చెప్పాలి, దీన్ని సమర్థింపు అనుకున్నా సరే. షాంఘైలో దిగినవాళ్ళకి మొదటి పూట అన్నం పెట్టిన డబ్బులో బొంబాయి డబ్బు ఉంది. షాంఘైలో పేరున్న యూదు వ్యాపారులు విక్టర్ ససూన్, కదూరీ కుటుంబాల మూలాలు బాగ్దాద్‌లో ఉన్నా వాళ్ళు ఇక్కడికి వచ్చింది బొంబాయి మీదుగానే. ససూన్ల నూలు మిల్లులు బొంబాయివి, ససూన్ డాక్ బొంబాయిది. (నల్లమందు వ్యాపారం కూడా ఉంది, ఆ లెక్క చైనావాళ్ళు మర్చిపోరు, మర్చిపోనక్కర్లేదు.) సుచౌ ఏటి ఒడ్డున ఉన్న తన ఎంబాంక్‌మెంట్ భవనంలో కొంత భాగాన్ని విక్టర్ ససూన్ కొత్తగా దిగినవాళ్ళకి విడిదిగా ఇచ్చాడు. హొరేస్ కదూరీ 1939లో పిల్లలకి బడి పెట్టించాడు. జర్మన్ మాట్లాడే పిల్లలకి చదువంతా ఇంగ్లీషు మీడియంలో. రేపు ఏ దేశం పోవాల్సొస్తుందో తెలియని పిల్లలకి అదే అక్కరకొస్తుందని. ఆ లెక్క మన అమ్మానాన్నలకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

రేవు నుంచి లారీల్లో ఎక్కించి హాంగ్‌కూ పేటకి తెచ్చేవారు. 1937 పోరులో సగం కూలిన పేట కాబట్టి అద్దెలు తక్కువ. చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్ళు శిథిలాలని బాగు చేసుకుని గదులు కట్టుకున్నారు. లేనివాళ్ళకి 'హైమ్' అనే వసతి గృహాలు. వార్డ్ రోడ్డు హైమ్‌లో, అంటే ఇప్పటి ఛాంగ్‌యాంగ్ రోడ్డులో, ఒక్కో గదిలో పదులకొద్దీ రెండంతస్తుల మంచాలు. మొగుడూ పెళ్ళాలకీ పక్క మంచాలవాళ్ళకీ మధ్య అడ్డం దుప్పటే. మనిషికో రేకు గిన్నె, రేకు కప్పు, చెంచా.

నీళ్ళ సంగతి తెలియక మొదట్లో చాలామంది పడిపోయారు. కుళాయి నీళ్ళు మరిగించకుండా తాగితే విరేచనాలు, టైఫాయిడ్. పొలాలకి మనుషుల మలమే ఎరువు కాబట్టి పచ్చి కూరలు తినకూడదు, తప్పదనుకుంటే పొటాషియం పర్మాంగనేటు నీళ్ళలో నానబెట్టి కడగాలి. ఇంట్లో నీళ్ళు కాగబెడితే బొగ్గు ఖర్చు. అందుకని సందు మొదట్లో వేణ్ణీళ్ళ కొట్టు ఉండేది; ముందుగా వెదురు బిళ్ళలు కొనుక్కుని, బిళ్ళకింత చొప్పున మరిగిన నీళ్ళు పట్టించుకోవాలి. మరుగుదొడ్లు లేవు, బాల్చీలే. తెల్లవారకముందే బండివాడు వచ్చి తీసుకుపోయేవాడు.

పొయ్యి అంటే పూలకుండీ అంత కుంపటి. బొగ్గు పొడిని మట్టితో, నీళ్ళతో పిసికి, మన పల్లెల్లో చేసినట్టే ఉండలు చేసి ఎండబెట్టేవారు. కుంపటిని వీధిలోనే కాగితం, పుల్లలతో అంటించి, పొగ పూర్తిగా చచ్చేదాకా విసనకర్రతో విసిరి, నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తేవాలి. తొందరపడి తలుపులేసుకున్న గదిలో పెట్టుకుంటే బొగ్గువాయువు ప్రాణం తీస్తుంది. వియన్నాలో వంటమనుషుల్ని పెట్టుకుని బతికిన ఇల్లాళ్ళు ఈ విద్యని సందులోని చైనా ఆడవాళ్ళని చూసి నేర్చుకున్నారు. ఊరి పెద్దమనసు అనే మాట వాడాల్సివస్తే నేను ఇక్కడ వాడతాను. ఆ సందుల్లో ఉన్న చైనావాళ్ళూ యుద్ధంలో ఇళ్ళు పోగొట్టుకుని వచ్చినవాళ్ళే.

పని దొరకడం మరో కథ. విదేశంలో ఏమీ దొరక్కపోతే కూలి పనైనా చేసుకోవచ్చని మనం అనుకుంటాం. షాంఘైలో అదీ లేదు. చైనా కూలీకి ఇచ్చే డబ్బు ఎంత తక్కువంటే ఆ రేటుకి యూరప్ మనిషి ఒక్కపూట కూడా గడవదు. అందువల్ల 'యూరప్‌వాళ్ళే చేయాలి' అనిపించే పనులే మిగిలాయి: రొట్టెలు, సాసేజీలు, టోపీలు, కుట్టుపని, కెఫేల్లో వయోలిన్. డాక్టర్లు రెండు వందల దాకా వచ్చారు, వాళ్ళ రోగులు కూడా జేబులు ఖాళీ అయిన శరణార్థులే. చాలా ఇళ్ళల్లో మొదట సంపాదించింది ఆడవాళ్ళు. సూది పట్టుకున్నామె వారంలో నిలదొక్కుకుంటే, లా చదివిన మొగుడు చేతిసంచీలో సబ్బులు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. జర్మన్ చట్టం తెలిసిన లాయరుకి ఇక్కడేం పని?

1941 మేలో 'జాయింట్' అనే అమెరికా యూదుల సహాయ సంస్థ తరఫున లారా మార్గోలిస్ వచ్చింది. ఆవిడ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది వంటశాల. పాత వంటశాల పొయ్యిలు బొగ్గు మింగేవి, ఆ డబ్బంతా తిండిలోంచి పోయేదే. ఆవిరితో ఉడికే పెద్ద బాయిలర్లు పెట్టించి ఆ ఖర్చు తగ్గించింది. ఇంతలో డిసెంబరులో జపాన్, అమెరికా యుద్ధంలో పడ్డాయి; అమెరికా నుంచి డబ్బు ఆగిపోయింది. యుద్ధం అయ్యాక జాయింట్ తీరుస్తుందన్న హామీ మీద 1,80,000 డాలర్ల దాకా ఊళ్ళోనే అప్పు తీసుకునేందుకు జపాన్ అధికారులని ఒప్పించింది. అలా సుమారు 8,000 మందికి రోజుకి ఒక పూట భోజనం నిలబడింది. 1943 మొదట్లో ఆవిణ్ణే శత్రుదేశస్థురాలని శిబిరంలో పెట్టారు.

అదే ఏడాది ఫిబ్రవరి 18న జపాన్‌వాళ్ళు ప్రకటన వేశారు: 1937 తర్వాత వచ్చిన 'దేశం లేని శరణార్థులు' మే 18లోగా హాంగ్‌కూలోని చదరపు మైలంత చోటులోకి మారాలి. యూదులన్న మాట అందులో లేదు. అవసరమూ లేదు, 1941 నవంబరులోనే విదేశాల్లో ఉన్న జర్మన్ యూదుల పౌరసత్వాన్ని జర్మనీ రద్దు చేసేసింది. ఆ చదరపు మైలులో అప్పటికే లక్షమంది చైనీయులున్నారు. గోడ కట్టలేదు, ముళ్ళకంచె వేయలేదు. కాపలా పని శరణార్థుల మగవాళ్ళకే, 20 నుంచి 45 ఏళ్ళవాళ్ళకి, వంతులు వేశారు. బయట ఉద్యోగం ఉన్నవాళ్ళు పాసు తీసుకోవాలి, 'వెళ్ళవచ్చు' అనే చైనా అక్షరం ఉన్న బిళ్ళ కోటుకి పెట్టుకోవాలి. పాసులిచ్చేది గోయా అనే జపాన్ అధికారి. తనని తాను 'యూదుల రాజు' అని చెప్పుకునేవాడు. పొట్టివాడు, పొడుగు మనిషి ఎదుట నిలబడితే కోపమొచ్చి బల్లెక్కి చెంప మీద కొట్టేవాడట. పాసు ఏ వేళకి, ఏ ప్రాంతానికి అన్నది రాసి ఉంటుంది. ఆలస్యంగా తిరిగొస్తే జైలు. ఆ జైల్లో పేలతో టైఫస్ జ్వరం అంటుకుని పోయినవాళ్ళున్నారు. 1945 జూలై 17న జపాన్ రేడియో కేంద్రం మీద వేయబోయిన అమెరికా బాంబులు ఈ పేట మీద పడి ముప్పై మందికి పైగా శరణార్థులు, వందలాది చైనీయులు చచ్చిపోయారు.

యుద్ధం ముగిశాక వీసాల క్యూ మళ్ళీ మొదలైంది. ఇక్కడి నుంచి కథ మన గ్రీన్‌కార్డువాళ్ళకి బాగా అర్థమవుతుంది. 1924 నాటి అమెరికా చట్టం ప్రకారం కోటా పుట్టిన దేశాన్ని బట్టి. ఎక్కడ పెరిగావు, ఏ భాష మాట్లాడతావు అన్నది లెక్కలోకి రాదు. జర్మనీ, ఆస్ట్రియాలకి కలిపి ఏడాదికి 27,370, పోలండ్‌కి 6,524. పుట్టుక పోలండ్ కింద పడితే, పసితనం నుంచి బెర్లిన్‌లోనే పెరిగినవాడైనా చిన్న క్యూలోకే పోవాలి. కొందరు ఆస్ట్రేలియాలో చుట్టాలు పూచీ పడితే అటు వెళ్ళారు, 1948 తర్వాత ఇజ్రాయెల్ వెళ్ళినవాళ్ళు కొందరు. 1949 మేలో కమ్యూనిస్టు సైన్యం ఊళ్ళోకి వచ్చేనాటికి కూడా కొన్ని కుటుంబాల కాగితాలు ఇంకా కదలలేదు.