ఏ మెట్టు దగ్గర పోయింది?

ఫిజిక్సు ల్యాబు చివర, స్పెక్ట్రోమీటర్ల కోసం గోడలకు నల్లరంగు వేసిన గది ఒకటి ఉండేది. 1980ల్లో మన కాలేజీలో చదివినవాళ్లలో చాలామందికి అది ప్రాక్టికల్స్ గది. ఫోటో క్లబ్బు వాళ్లకు డార్క్ రూమ్. శనివారం మధ్యాహ్నం అందులో ఫిల్ము రోళ్లు కడగడం (మందునీళ్లలో ముంచి బొమ్మ తేల్చడం), సాయంత్రం పక్క హాల్లో చెక్కబోర్డుకు ప్రింట్లు గుచ్చి మాట్లాడుకోవడం. క్లబ్బు జ్ఞాపకాలు రాయమంటే ఎర్రలైటు గురించీ హైపో (తేలిన బొమ్మను నిలబెట్టే మందు) వాసన గురించీ రాయొచ్చు గానీ, అవి ఏ ఊరి డార్క్ రూమ్‌లోనైనా ఉండేవే. మన క్లబ్బుకు సొంతమైనది బోర్డు దగ్గర మాట్లాడుకునే పద్ధతి. ఇవాళ వాట్సాప్ గ్రూపులో రోజుకో ఫోటో పెట్టి, కింద బొటనవేళ్లు లెక్కపెట్టుకుంటున్న మన బ్యాచ్‌ల వాళ్లకు అదే ఎక్కువ పనికొస్తుంది.

బోర్డుకెక్కే ప్రింటు 8×10 అంగుళాలది, మౌంటు లేకుండా. వెనక మెత్తని పెన్సిలుతో ఫిల్ము పేరు, ఎపర్చరు (లెన్సు ఎంత తెరిచారో, ఎఫ్ అంకెతో), షట్టరు వేగం, రోలు కడిగిన డెవలపరు, నిమిషాలు, పేపరు గ్రేడు (అంకె పెరిగితే నలుపు తెలుపుల తేడా పెరుగుతుంది), ఎన్‌లార్జరు (నెగెటివ్‌ను కాగితం మీదికి పెద్దది చేసి వేసే యంత్రం) కింద ఎన్ని సెకన్లు అన్నది రాయాలి. బాల్‌పెన్నుతో రాస్తే గీత ముందువైపుకు ఉబ్బుతుంది. ప్రింటుతో పాటు ఆ రోలు కాంటాక్ట్ షీటు కూడా తేవాలి: 36 ఫ్రేములు ఆరేసి చొప్పున ఆరు ముక్కలు, ఒకే 8×10 కాగితం మీద. ఈ నియమం కొత్తవాళ్లకు చాదస్తంలా కనిపించేది. కానీ ఒక్క ప్రింటే చూస్తే తీసినవాడు ఏం ఎంచుకున్నాడో తెలుస్తుంది, ఏం వదిలేశాడో తెలియదు. చాలాసార్లు మంచి ఫ్రేము పక్కనే ఉండేది. అరగజం పక్కకు జరిగి తీసింది, లేదా మనిషి తల తిప్పాక తీసింది.

బోర్డుకు ఒక పక్కనుంచి, 45 డిగ్రీల ఏటవాలుగా ఒకే బల్బు. ఎదురుగా పెడితే గ్లాసీ పేపరు మెరిసి ఏమీ కనబడదు. బల్బు మరీ దగ్గరగా ఉంటే నల్లబడ్డ ప్రింటు కూడా బాగున్నట్టే అనిపిస్తుంది, ఇంటికెళ్లి గోడకు పెట్టాక అసలు సంగతి బయటపడుతుంది.

మొదట అర నిమిషం ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత అందరికంటే జూనియరు నోరు విప్పాలి. సీనియర్లు ముందు మాట్లాడితే తక్కినవాళ్లు “అవునన్నా” అనేసి ఊరుకుంటారు. జూనియరు చెప్పాల్సింది తీర్పు కాదు, తన కన్ను ముందు ఎక్కడ ఆగింది, తర్వాత ఎటు వెళ్లింది అన్నది మాత్రమే. కొండపల్లిలో బొమ్మకు ఉలి పెడుతున్న చేతుల్ని తీశానని ఒకరు అనుకుంటే, చూసేవాళ్ల కన్ను తెల్ల పొణికి చెక్కపొట్టు కుప్ప మీద ఆగేది. కిటికీ వెలుగు ముందు పడేది దాని మీదే మరి. తీసిన మనిషి చివరిదాకా మౌనం. వాన పడుతోందని, బస్సుకు టైమైందని చెప్పే కారణాలు ప్రింటులో కనబడవు గదా.

ఆ తర్వాతే అసలు మాటలు. మాట అంటే మూడూ ఉండాలి: ఎక్కడ, ఎందుకు, వచ్చేసారి ఏం చెయ్యాలి. “బ్యాక్‌గ్రౌండ్ గజిబిజిగా ఉంది” అంటే ఒప్పుకునేవారు కాదు. “చెవి వెనక కరెంటు స్తంభం తలలోంచి మొలిచినట్టుంది, ఎఫ్ 11 వాడబట్టి అది కూడా షార్పుగా వచ్చింది, ఎఫ్ 4 కు తెరిచి మోకాళ్ల మీద కూర్చుని తియ్యి” అంటే అది మాట. అలా చెప్పడానికి కారణం తెలియాలి. కారణం తెలియాలంటే తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోవాలి. క్లబ్బు చూసుకునే ఫిజిక్సు మాస్టారు ప్రతి ప్రింటు దగ్గరా వేసే ప్రశ్న అదే: “ఏ మెట్టు దగ్గర పోయింది?” కెమెరాలోనా, రోలు కడిగేటప్పుడా, కాగితం మీదా?

ముందు షార్ప్‌నెస్ సంగతి. ప్రింటు మసగ్గా ఉందంటే నాలుగు కారణాలుంటాయి, ఒక్కొక్కదానికి ఒక్కో గుర్తు. చిన్న వెలుగు చుక్కలన్నీ ఒకే దిక్కుకు సాగి ఉంటే చెయ్యి కదిలింది. 50 ఎంఎం లెన్సుకు 1/60 కంటే తగ్గితే ఈ జబ్బు మొదలవుతుంది, 135 కి 1/125 అయినా కావాలి. వెనకున్న గోడ ఇటుకలు స్పష్టంగా ఉండి మనిషి మాత్రం మసకైతే ఫోకస్ తప్పింది. నిలబడ్డవాళ్లు బాగుండి, నడిచేవాళ్లు మాత్రమే చెదిరితే షట్టరు చాల్లేదు. ఇవేవీ కాకపోతే భూతద్దం పెట్టి ప్రింటులో గ్రెయిన్ (ఫిల్ము పొరలోని వెండి రవ్వలు) చూడాలి. గ్రెయినే మెత్తగా ఉంటే కెమెరాది తప్పు కాదు, ఎన్‌లార్జరు ఫోకస్ జరిగింది, లేదా బల్బు వేడికి నెగెటివ్ మధ్యలో ఉబ్బింది. కొత్త కెమెరా కొనాలని బాధపడేవాళ్లలో కొందరి కష్టం ఎన్‌లార్జరు దగ్గరే తీరిపోయేది.

పలచటి నెగెటివ్‌ది ఇంకో చిక్కు. ఎక్స్‌పోజరు తక్కువైందా, కడగడం తక్కువైందా? ఫిల్ము అంచున కంపెనీవాళ్లు వేసిన ఫ్రేము నంబర్లు చూస్తే చాలు. నంబర్లు చిక్కగా నల్లగా ఉండి ఫ్రేములు మాత్రమే పలచగా ఉంటే కెమెరా దగ్గర వెలుగు చాల్లేదు. నంబర్లు కూడా వెలవెలబోతుంటే డెవలపరు పాతదైంది, లేదా నిమిషాలు తగ్గాయి. మొదటి రకంలో నీడలో వివరమే ఉండదు, ఎంత గట్టి గ్రేడు పేపరు వేసినా లేనిది రాదు. రెండో రకానికి 4వ గ్రేడు పేపరు చాలావరకు సాయపడుతుంది.

ఫాగ్ (అక్కర్లేని వెలుగు తగిలి పొర నల్లబడటం) కూడా ఇంతే. ఫ్రేముల మధ్య ఖాళీల్లోనూ చిల్లుల దగ్గరా చారలుంటే కెమెరా వెనక తలుపు వైపు చూడాలి. అక్కడుండే నల్ల ఫోము మన ఎండలకు జిగురైపోయి వెలుగును లోపలికి వదులుతుంది. నెగెటివ్ శుభ్రంగా ఉండి, ఈజిల్ (కాగితాన్ని పట్టి ఉంచే చట్రం) పట్టీ కింద తెల్లగా ఉండాల్సిన ప్రింటు అంచు బూడిదరంగుకు తిరిగితే పేపరుకే వెలుగు తగిలింది. ఎర్ర జీరో వాట్ బల్బును నమ్మడానికి ముందు నాణెం పరీక్ష చేసేవాళ్లం. పేపరు ముక్కకు ఎన్‌లార్జరు కింద లేత బూడిదరంగు వచ్చేంత వెలుగిచ్చి, మీద రూపాయి బిళ్ల పెట్టి, బల్బు కింద 5 నిమిషాలుంచి కడగాలి. బిళ్ల ఉన్నచోట లేత గుండ్రం కనబడితే ఆ బల్బు పనికిరాదు. ముందు వెలుగివ్వకుండా చేస్తే పరీక్ష మోసం చేస్తుంది, ఎందుకంటే ఉత్త పేపరు కొద్దిపాటి వెలుగును దాచేస్తుంది.

రోలు కడగడం దగ్గర మన ప్రాంతపు శత్రువు నీళ్ల వేడి. డెవలపరు డి-76, కెమిస్ట్రీ ల్యాబు త్రాసులో తూచి కలిపిందే: 50 డిగ్రీల వేడినీళ్లు 750 మిల్లీలీటర్లలో మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2, తర్వాత చన్నీళ్లతో లీటరుకు నింపడం. ముందు సల్ఫైట్ ఒక్క చిటికెడు వేసి, మెటాల్ కరిగాక మిగతా సల్ఫైట్ వెయ్యాలి. సల్ఫైట్ అంతా ముందే పోస్తే మెటాల్ కరగదు, గింజలు గింజలుగా అడుగున ఉంటుంది. ఇది 20 డిగ్రీల దగ్గర వాడాల్సిన మందు. ఏప్రిల్‌లో కుళాయి నీళ్లే 30 దాటితే 8 నిమిషాల పని 4 నిమిషాల్లోపే అయిపోతుంది, అంత తొందరలో కడిగితే ఆకాశమంతా మచ్చలు. అందుకని ఐసుముక్కలు డెవలపరులో కాకుండా, ట్యాంకు నిలబెట్టిన బకెట్లో వేసేవాళ్లం. మందు చల్లబరిచి, చివర్లో వేడినీళ్లతో కడిగితే ఇంకో ప్రమాదం: పొర ముడుచుకుని, ఎండిన చెరువు నేలలా నెర్రెలిస్తుంది. అన్ని నీళ్లూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి.

ఫిల్ము తూర్పు జర్మనీ ఓర్వో, పేపరు ఎక్కువగా ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు చేసిన ‘ఇందు’. పేపరు ఖరీదు కాబట్టి టెస్ట్ స్ట్రిప్ (చిన్న ముక్క మీద సెకన్ల పరీక్ష) లేకుండా నిండు కాగితం వెయ్యనిచ్చేవారు కాదు. ఎఫ్ 8 దగ్గర అట్టముక్క జరుపుతూ 5, 10, 15, 20 సెకన్లు. బోర్డు మీద అన్నిటికంటే తరచుగా దొరికే తప్పు ఇక్కడ పుట్టేది. ట్రేలో బొమ్మ త్వరగా నల్లబడుతోందని భయపడి అర నిమిషంలో తీసేసి హైపోలో ముంచడం. అలాంటి ప్రింటులో నిజమైన నలుపు ఉండదు, బురదరంగు ఉంటుంది. 2 నిమిషాలు పూర్తిగా ఉంచాలి, నల్లబడితే ఎన్‌లార్జరు దగ్గర సెకన్లు తగ్గించాలి. ఇంకొకటి, తడి ప్రింటు ఆరాక కొంచెం నల్లబడుతుంది. ట్రేలో సరిగ్గా ఉందనిపించింది బోర్డు మీద మబ్బుగా కనబడేది. అందుకే ఆరని ప్రింటు బోర్డుకు రానిచ్చేవాళ్లం కాదు.

కత్తిరింపు గొడవలు వేరు. నల్ల చార్టు కత్తిరించి చేసిన రెండు ఎల్-ఆకారపు అట్టలు బోర్డు పక్కనే వేలాడుతుండేవి. ఎవరైనా “కుడివైపు అనవసరం” అంటే నోటితో కాదు, అట్టలు పెట్టి చూపించాలి. అయితే 24×36 మిల్లీమీటర్ల ఫ్రేమును 8 అంగుళాల ఎత్తుకు పెంచాలంటేనే ఎనిమిదిన్నర రెట్లు, పొడవు 12 అంగుళాలు వస్తుంది. 8×10 కాగితంలో 2 అంగుళాలు ఎలాగూ పోతాయి. వ్యూఫైండరు నిండా బిగించి తీసేవాళ్ల గ్రూపు ఫోటోల్లో చివరి మనిషి భుజం అందుకే పోయేది. ఆపైన ఇంకో సగం కత్తిరిస్తే గ్రెయిన్ ఇసుకలా లేస్తుంది. ఫ్రేమును బాగుచేసే కత్తిరింపు కంటే రెండడుగులు ముందుకెయ్యడం చవక.

ఉప్పలపాడు చెరువులోని కొంగలు, పెలికాన్ల ఫోటోలు ప్రతి శీతాకాలం గుట్టలుగా వచ్చేవి. అన్నిటిదీ ఒకటే కథ. నల్లటి చెట్టు ముందు తెల్లపక్షి: కెమెరాలో వెలుగు కొలిచే మీటరు చెట్టును చూసి ఎక్కువ వెలుగిస్తుంది, రెక్కల్లో ఈకలు కలిసిపోతాయి. అదే పక్షి ఆకాశం ముందుంటే మీటరు ఆకాశానికి లొంగి పక్షిని మసిబొమ్మ చేస్తుంది. మొదటిదానికి ఒక స్టాపు తగ్గించాలి (ఒక స్టాపు అంటే వెలుగు సగమవడం లేదా రెట్టింపవడం), రెండోదానికి ఒకటిన్నర పెంచాలి. ఉండవల్లి గుహలో పడుకున్న స్వామి విగ్రహానిది ఇంకో లెక్క. మీటరు 10 సెకన్లు చూపిస్తే ఆ కాలపు ఫిల్ములకు నిజంగా కావాల్సింది 40, 50 సెకన్లు. మసక వెలుగులో ఫిల్ము నెమ్మదిస్తుంది. ట్రైపాడ్ ఉన్నా నెగెటివ్ ఎందుకు పలచబడిందో తెలియక ఒక్కో బ్యాచ్ ఒక్కోసారి కూర్చుని తేల్చుకోవాల్సి వచ్చేది.

ఇప్పుడు మెట్లు మారాయి: తీయడం, ఎడిట్ చేయడం, పంపడం. ప్రశ్న మాత్రం అలాగే పనిచేస్తుంది. గ్రూపులో “లెన్సు బాలేదేమో” అనే వ్యాఖ్యల్లో చాలావాటికి మూడో మెట్టే కారణం. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, తీసిన వివరాలూ రాలిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే అసలు ఫైలు వస్తుంది, షట్టరు, ఎపర్చరు, ఐఎస్ఓ మనం చూసుకోవచ్చు. ఇంటి దగ్గర పిల్లల్ని తీసినవైతే లొకేషన్ తీసేసి పంపండి, అది కూడా ఫైల్లోనే ఉంటుంది.

పెళ్లి ఫోటోల్లో తెల్ల పంచె, బంతిపూల తోరణం రెండూ పరీక్షలే. పంచె తెల్లగా కొట్టేస్తే హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫు) కుడిగోడకు ఆనుకుని చెబుతుంది. బంతిపూలు అలా చెప్పవు. మొత్తం గ్రాఫు బాగానే ఉంటుంది, ఎరుపు ఒక్కటే నిండిపోయి రేకులన్నీ ఒకే ముద్ద అవుతాయి. మూడు రంగుల గ్రాఫులు విడివిడిగా చూసి, ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించి తీయాలి. రా (RAW, కెమెరా కుదించకుండా దాచిన) ఫైలైతే కొంత వెనక్కి వస్తుంది, జేపెగ్‌లో పోయింది పోయినట్టే.

కూచిపూడి ప్రదర్శనల ఫోటోల్లో అడ్డ చారలు కనిపిస్తే ఎడిటింగును తిట్టకండి, అది ఎల్ఈడీ లైట్ల మినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/100 లేదా 1/50 పెడితే చాలావరకు పోతుంది. ఆ వేగానికి గంతు చెదురుతుంది, కాబట్టి గంతు వదిలి, తాళం పడి దేహం ఒక్క క్షణం నిలిచే చోటు పట్టుకోవాలి. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు, దాని మీది పాదాలు తెగ్గోసి ముఖం మాత్రం ఉంచిన ఫోటోలు గ్రూపులో ఎన్నో. ఆ ముఖం ఎంత అందంగా ఉన్నా అది తరంగం ఫోటో కాదనే నా అభిప్రాయం.

ఈసారి కలయికకు హాల్లో బోర్డు పెడుతున్నారట. తెచ్చేవాళ్లు 8×12 ప్రింటు తెండి, ఫోన్లో అదే చోట తీసిన మరో రెండు మూడు ఫ్రేములు ఉంచుకోండి. ల్యాబుకు పంపేముందు స్క్రీను వెలుగు సగానికి తగ్గించి ఒకసారి చూడండి. నిండు వెలుగులో ఎడిట్ చేసినవన్నీ కాగితం మీద ఒక స్టాపు చీకటిగా వస్తాయి.