కసిరాక తోకాడిస్తే క్షమించినట్టేనా?

కుక్కని గట్టిగా కసిరితే రెండు నిమిషాల్లో తోకాడిస్తూ వచ్చేస్తుంది. క్షమించేసిందని మురిసిపోతాం. తోక కిందికే ఊగుతూ, చెవులు వెనక్కి వాలి, మూతి నాక్కుంటూ ఉంటే మాత్రం అది మనల్ని బుజ్జగించడమే, దాని భయం ఇంకా పోలేదు. ‘తప్పు చేసిన మొహం’ కూడా అంతే. కుక్కల ప్రవర్తన మీద పరిశోధన చేసే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో ప్రచురించిన ప్రయోగంలో ఏ తప్పూ చేయని కుక్కలు కూడా తిడితే ఆ మొహమే పెట్టాయి.

అందుకే పొద్దున కొరికిన చెప్పుకి సాయంత్రం కొట్టడం దండగ. మీరొస్తే దెబ్బలు పడతాయనే అది నేర్చుకుంటుంది.

మళ్లీ దగ్గరవ్వాలంటే మీదికి వంగి వాటేసుకోకండి. కాస్త దూరంలో పక్కకి తిరిగి కింద కూర్చోండి, కళ్లలోకి చూడొద్దు. రావాల్సింది అదే. వచ్చాక నెత్తి మీద కాకుండా ఛాతీ దగ్గర మూడు సెకన్లు గోకి చెయ్యి తీసేయండి. మూతితో చేతిని పొడిస్తే మళ్లీ గోకండి, మొహం తిప్పుకుంటే వదిలేయండి. ఉడికించిన చికెన్ గోరంత ముక్క చాలు. బిర్యానీలోది వద్దండోయ్, ఉల్లిపాయ కుక్కలకి విషం.

ఎప్పుడూ ఏమీ అననిది ముట్టుకోగానే గుర్రుమంటే అలక అనుకోవద్దు. చెవిలోనో పంటిలోనో నొప్పి ఉండొచ్చు, పశువుల డాక్టరుకి చూపించండి.