నాన్న ఊపిరితిత్తిలో ఎంత తీశారంటే

నాన్నకి ఊపిరితిత్తి క్యాన్సర్, ఆపరేషన్ చేయాలి అనగానే అమ్మ అడిగిన మొదటి మాట, "ఒక ఊపిరితిత్తి తీసేస్తే మనిషి ఎట్లా బతుకుతాడ్రా?" అని. నాకూ అదే భయం. దానికి ముందు నాలుగు నెలలు టీబీ అనుకుని వేసిన మందులతోనే గడిచిపోయాయి. కఫం పరీక్షలో ఏమీ రాకపోయినా ఎక్స్‌రేలో మచ్చ చూసి మందులు మొదలుపెట్టిన డాక్టరు, చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ మాటే ఎత్తలేదు, ఆ కోపం నాకింకా పోలేదు.

అదృష్టం కొద్దీ గడ్డ మూడున్నర సెంటీమీటర్లే ఉంది, క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడుందో చూసే పెట్ స్కాన్‌లో ఇంకెక్కడా కనపడలేదు. సర్జన్ గారు చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు: కుడి ఊపిరితిత్తికి మూడు లోబ్‌లు, అంటే మూడు పెద్ద భాగాలు, ఎడమదానికి రెండు. నాన్నకి కుడివైపు పై లోబ్‌లో ఉంది కాబట్టి అదొక్కటీ, దాని చుట్టుపక్కల లింఫ్ గ్రంథులూ తీస్తారు, దాన్నే లోబెక్టమీ అంటారు. అమ్మ భయం చూసి ఇంకో సంగతి చెప్పారు. 1933లో అమెరికాలో ఎవార్ట్స్ గ్రాహం అనే సర్జన్ ఒక క్యాన్సర్ రోగికి ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసేశారట, ఆ రోగీ డాక్టరే, చివరికి గ్రాహం కంటే ఎక్కువ కాలం బతికాడట. అమ్మ ముఖంలోకి కాస్త రక్తం వచ్చింది.

ఇంకా తక్కువ తీస్తే సరిపోదా అని నేను అడిగాను, మీరూ తప్పకుండా అడగండి. రెండు సెంటీమీటర్ల లోపు ఉండి, ఊపిరితిత్తి అంచున ఉన్న గడ్డకైతే లోబ్‌లో సెగ్మెంట్ అనే ఒక చిన్న భాగం తీసినా చాలని 2022లో జపాన్ వాళ్ల ట్రయల్ ఫలితాలు వచ్చాయి, కానీ నాన్న గడ్డ అంతకంటే పెద్దది. ఊపిరి పరీక్ష బాగా తక్కువొచ్చిన వాళ్లకి ముక్కలా చిన్న భాగం మాత్రమే కోస్తారు. నాన్నకి పరీక్ష పర్లేదు, బీడీలు మాత్రం ఆ రోజే ఆపమన్నారు.

ఛాతీ కోయకుండా పక్కటెముకల మధ్య చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చేశారు. అయినా నొప్పి తక్కువేం కాదు. పక్కలోంచి ట్యూబు, కింద సీసాలో నీళ్లు, నాన్న దగ్గినప్పుడల్లా అందులో బుడగలు, రాత్రంతా వాటినే చూస్తూ కూర్చున్నాను. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి గొట్టంతో గాలి పీల్చమన్నారు. మొదటి రోజు ఒక్క బంతీ లేవలేదు. ఐదో రోజు రెండు లేచాయి, మూడోది కదిలి కిందపడింది, నాన్న గొట్టం తీసి, చెమట తుడుచుకుని, మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.