ఇత్తడి వద్దని రాసే చేయి

మాది శ్రీకాకుళం జిల్లా బుడితి. ఇంటి వెనకే చిన్నాన్న కొలిమి. ఇత్తడి చెంబులు, గంటలు చేసే ఊళ్లో పుట్టి, పద్దెనిమిదేళ్లుగా జర్మనీలో ఒక యూనివర్సిటీ వర్క్‌షాపులో ప్రయోగశాలలకు పరికరాలు డిజైన్ చేస్తున్నాను. నేను గీసే ప్రతి డ్రాయింగు మీదా మొదటి వాక్యం ఒకటే: ఇత్తడి వాడరాదు.

నేను ఎక్కువగా చేసేవి వాక్యూమ్ ఛాంబర్లు, అంటే లోపలి గాలి తోడేసే స్టీలు డబ్బాలు. ఫిజిక్స్ వాళ్లకి ఏ మురికీ అంటని లోహపు ఉపరితలం కావాలి. పీడనం 10⁻⁶ మిల్లీబార్‌కి దించినా సరిపోదు, మిగిలిన గాలి ఒకటి రెండు సెకన్లలోనే దాని మీద ఒక పొర పరిచేస్తుంది. 10⁻¹⁰కి దించితే గంటల తరబడి శుభ్రంగా ఉంటుంది. అంటే బయటి గాలిలో పది లక్షల కోట్లలో ఒక వంతు. అందుకోసం స్టీలు ఛాంబరుని 150 డిగ్రీల దగ్గర రోజుల తరబడి కాల్చి, గోడలకి పట్టిన తడిని వదిలిస్తాం. లోపలి భాగాన్ని ఉత్త వేలితో ముట్టుకోం.

చేరిన కొత్తలో ఒక డ్రాయింగులో 'ఎం3 స్క్రూ' అని రాసి, ఏ లోహమో రాయలేదు. బిగించినవాళ్లు చేతికందిన ఇత్తడి స్క్రూ పెట్టారు, అదీ హీటరు పక్కనే. కొన్నాళ్లకి కొలతలన్నీ తప్పుతున్నాయి. లీకేమోనని అతుకు అతుకుకీ బయటినుంచి హీలియం వాయువు కొట్టి, లోపలికి చేరుతుందేమో చూశాం. ఎక్కడా లేదు. చివరికి మూత విప్పితే, తెల్లటి సెరామిక్ మీద బూడిదరంగు పూత. దాని మీదుగా కరెంటు కారిపోతోంది. స్క్రూ తల ఎర్రబడి ఉంది. ఇత్తడిలో రాగితో కలిసి ఉండే తుత్తునాగం (జింకు) ఆవిరైపోయి రాగి మిగిలింది. ఆ ప్రయోగం చేస్తున్న అమ్మాయి నాలుగు నెలల పని పోయింది. నన్నేమీ అనలేదు. అనకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇత్తడి వద్దని రాస్తున్నానని ఇంట్లో చెప్పడానికి చాలా ఏళ్లు నోరు రాలేదు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు, కొలిమి దగ్గర కూర్చుని చెప్పాను.

చిన్నాన్న మూసలోకి చూస్తూ విన్నాడు. "ఆ తెల్లపొగేనేటిరా?" అన్నాడు.

అదే. రాగి కరగడానికి 1085 డిగ్రీలు కావాలి, తుత్తునాగం 907కే మరిగి పొగవుతుంది. నేను పుస్తకంలో చదివి, ఒకసారి దెబ్బతిని నేర్చుకున్నది ఆయన చిన్నప్పట్నుంచీ కళ్లు మండుతూ చూస్తున్నదే.

"అది నిలవదురా. మూసలోనే నిలవదు, మీ ఖాళీలో ఏటి నిలుస్తాది? మరి రాగో?"

సంచిలోంచి రాగి రింగు తీసిచ్చాను. రెండు స్టీలు అంచుల మధ్య పెట్టి బిగిస్తే, వాటి పదును రాగిలోకి దిగి గాలిని ఆపుతుంది. ఒకసారి వాడాక మళ్లీ పనికిరాదు. చిన్నాన్న గోటితో ఆ గాడి చుట్టూ తడిమాడు. అరచేతిలో తూకం చూశాడు.

"మంచి రాగి. ఇలాటివి పారేస్తారేటి అక్కడ?"

డబ్బాలో వేస్తాం, తుక్కుకి పోతాయి అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. పట్టకారుతో రింగు పట్టుకుని మూసలోకి జార్చాడు.