జారే చక్రాన్ని ఆపాలా, రెండు చక్రాలనీ కలిపేయాలా?

ఒకప్పుడు కలప లారీలు తిరిగిన కొండదారి అది. ఇప్పుడు ఎవరూ వాడటం లేదు. వానలకు మధ్యలో గాడులు కోసుకుపోయాయి, రాళ్లు పైకి తేలాయి, పైకి వెళ్లేకొద్దీ ఎర్రమట్టి జారుడు. మేం రెండు బండ్లలో బయల్దేరాం. రెండూ ఫోర్ వీల్ డ్రైవే, రెండింటికీ నెమ్మదిగా, బలంగా లాగే లో రేంజ్ గేర్లున్నాయి, టైర్లు కూడా దాదాపు ఒకే రకం. తేడా ఒక్కచోటే ఉంది. నా బండిలో చక్రం జారితే దాన్ని బ్రేకుతో పట్టుకునే ఎలక్ట్రానిక్ ట్రాక్షన్ కంట్రోల్ ఉంది. బావ బండిలో అది లేదు కానీ, స్విచ్ నొక్కితే వెనక రెండు చక్రాలనీ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ ఉంది. ఏది మేలన్న వాదన మా మధ్య పాతదే. ఒకే దారిలో రెండింటినీ వెనకా ముందూ నడిపి చూడాలన్న కోరికతోనే ఈ ప్రయాణం పెట్టుకున్నాం. బావ వాళ్ల మేనమామ కూడా వచ్చారు. జీవితమంతా ట్రాక్టర్ల మీద గడిపిన మనిషి ఆయన.

మట్టిదారి మొదలయ్యే చోట ఆగి టైర్లలో గాలి తగ్గించాం. రోడ్డు మీద 32 పీఎస్ఐ ఉండేదాన్ని 20కి దించాం. గాలి తగ్గితే టైరు నేల మీద ఇంకాస్త పొడవుగా పరుచుకుంటుంది, రాయి అంచుకు ఒదిగిపోతుంది. లోపల ఎంత గొప్ప యంత్రం ఉన్నా, నేలను పట్టుకోవాల్సింది టైరే కదా. ఈ పని చేయకుండా లాకుల గురించి మాట్లాడటం నాకు నచ్చదు.

మొదటి పరీక్ష ఓ మలుపు దాటగానే ఎదురైంది. దారికి ఎడమ పక్కన ఒక గుంట, కాస్త ముందు కుడి పక్కన ఇంకో గుంట. బండి వాటి మీదికి వెళ్లేసరికి ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూలలో ఉన్న చక్రం గాల్లోకి లేస్తాయి.

డిఫరెన్షియల్ ఎందుకుందో ఇక్కడ చెప్పుకోవాలి. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. రెండూ వేర్వేరు వేగాల్లో తిరిగేలా చూడటమే దాని పని. అయితే మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ ఎప్పుడూ సమానమైన టార్క్ (తిప్పే బలం) మాత్రమే ఇస్తుంది. గాల్లో ఉన్న చక్రాన్ని తిప్పడానికి ఏపాటి బలం కావాలి? నేల మీదున్న చక్రానికి కూడా ఆ కాస్త బలమే దక్కుతుంది. చాలామంది శక్తంతా జారే చక్రానికి పోతుందంటారు. నిజానికి టార్క్ రెండు వైపులా సమానమే, రెండు వైపులా దాదాపు సున్నా. ఫోర్ వీల్ డ్రైవ్ వేసినా రెండు యాక్సిళ్లలోనూ ఇదే కథ.

ముందు నేను వెళ్లాను. బండి ఆగిపోయింది, గాల్లో ఉన్న చక్రాలు గిర్రున తిరిగాయి. కాలు కదపకుండా యాక్సిలరేటర్‌ని అలాగే పట్టి ఉంచాను. ఒకటి రెండు క్షణాలకు కింద నుంచి కరకరమని చప్పుడు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పంపు పని మొదలుపెట్టి ఆ చక్రాల బ్రేకులు పట్టింది. బ్రేకు పడ్డ చక్రాన్ని తిప్పాలంటే ఇప్పుడు బలం కావాలి, అంతే బలం అవతలి చక్రానికీ అందుతుంది. బండి ఒక్క కుదుపుతో పైకి వచ్చేసింది. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది సరిగ్గా ఈ క్షణంలోనే. ఆ చప్పుడు విని ఏదో విరిగిందని టెన్షన్ పడి కాలు తీసేస్తారు. కాలు తీస్తే చక్రం జారడం ఆగుతుంది, బ్రేకు వదిలేస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది.

బావ గుంట ముందే ఆగి లాక్ వేశాడు, డాష్‌బోర్డు మీద లైటు వెలిగేదాకా చూశాడు, నడక వేగంతో ఎక్కేశాడు. చప్పుడు లేదు, కుదుపు లేదు, చక్రం జారనే లేదు. లాక్ వేస్తే వెనక రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. ఒకటి గాల్లో ఉంటే రెండోది మొత్తం టార్క్ తీసుకుంటుంది. నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. అతని ముందు యాక్సిల్‌కి లాక్ లేకపోయినా, గాల్లో ఉన్న ముందు చక్రం కూడా ఊరికే తిరిగిపోలేదు. లో రేంజ్‌లో ముందు, వెనక షాఫ్టులు ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి కాబట్టి వెనక వేగం ముందుకీ హద్దు గీసింది.

మామయ్య అంతా చూసి, "సరేరా, లాకూ లేదు, కంప్యూటరూ లేదనుకో, అప్పుడేం చేస్తావ్?" అని అడిగారు. బావ వెంటనే "ఎడమకాలితో బ్రేకు కొంచెం తొక్కుతూ గ్యాస్ ఇస్తాను మామయ్యా" అన్నాడు. ఈ చిట్కా చాలామంది చెబుతారు. పరీక్షించడానికి బండిని వెనక్కి తెచ్చి, లాక్ తీసేసి, అదే గుంటల్లో పెట్టాం. ఇంజన్ మూలిగింది, గాల్లో ఉన్న చక్రాలు మెల్లబడ్డాయి. బండి మాత్రం కదల్లేదు.

కదలకపోవడంలో వింతేమీ లేదు. పెడల్ తొక్కితే బ్రేకు రెండు వైపులా పడుతుంది. గాల్లో చక్రానికి బ్రేకు వేయడం వల్ల అవతలి చక్రానికి ఎంత టార్క్ అదనంగా వచ్చిందో, ఆ చక్రం మీదున్న బ్రేకు సరిగ్గా అంత టార్కూ తినేస్తుంది. మిగిలేది సున్నా. ఇది బాగా పనిచేసేది టోర్సెన్ రకం డిఫరెన్షియల్ ఉన్న బండ్లలో. హమ్వీ నడిపేవాళ్లకు బ్రేకు తొక్కుతూ గ్యాస్ ఇవ్వమని నేర్పేది అందుకే. టోర్సెన్ ఒక చక్రానికి అందే టార్క్‌కి, ఉదాహరణకు, మూడు రెట్లు దాకా రెండో చక్రానికి ఇవ్వగలదు. సున్నాకి మూడు రెట్లంటే సున్నాయే కాబట్టి చక్రం గాల్లోకి లేస్తే అదీ ఊరుకుంటుంది. బ్రేకుతో ఆ చక్రం మీద 100 పాళ్ల టార్క్ మోపితే అవతల 300 వస్తుంది. అందులో 100 అక్కడి బ్రేకు తినేసినా ఇంకా 200 మిగిలి బండిని తోస్తుంది.

"ట్రాక్టర్‌కి రెండు బ్రేకు పెడళ్లు ఎందుకిచ్చారనుకున్నారు మరి?" అన్నారు మామయ్య. వెనక కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి. పొలం చివర చిన్న మలుపు తిప్పడానికి వాడేవే, బురదలో ఒక చక్రం తిరిగిపోతుంటే ఆ వైపు పెడల్ ఒక్కటే మెల్లగా తొక్కితే రెండోది నేల పట్టుకుంటుంది. రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లనీ కలిపే కొక్కెం తప్పనిసరిగా వేయాలని కూడా ఆయన గట్టిగా చెప్పారు. నా బండిలో కంప్యూటర్ చేసేది అచ్చంగా ఆ పనే. జారే చక్రం ఏదో ఏబీఎస్ సెన్సర్లతో కనిపెట్టి, దాని ఒక్కదాని బ్రేకే పడుతుంది. ఆయన అరికాలి అనుభవానికి నాకు నమస్కారం పెట్టాలనిపించింది.

ఆ తర్వాత రాళ్ల ఎక్కుడు. పొడవుగా, నిట్టనిలువుగా, కాలు పెడితే దొర్లే రాళ్లు. నా బండి సగందాకా బాగానే వచ్చింది. తర్వాత బ్రేకులు కాలిన వాసన మొదలైంది, కాసేపటికి ట్రాక్షన్ కంట్రోల్ తాత్కాలికంగా ఆగిపోయిందని హెచ్చరిక వెలిగింది. బ్రేకులు మరీ వేడెక్కితే వాటిని కాపాడుకోవడానికి ఇలాంటి వ్యవస్థలు తప్పుకోవడం మామూలే. టార్క్ రెండు చక్రాలకీ సమానం, జారే చక్రం వేగం ఎక్కువ. అంటే ఆ యాక్సిల్‌కి అందే శక్తిలో సగానికి పైగా బ్రేకులో వేడిగా మారిపోతోందన్నమాట. చల్లారేదాకా ఆగక తప్పలేదు. బావ బండికి ఆ బెడద లేదు, ఆగకుండా పైదాకా వెళ్లిపోయాడు. పైగా నా చక్రాలు జారినచోటల్లా రాళ్లు చిమ్మి గోతులు పడ్డాయి. బ్రేకు పద్ధతికి నాకు కనిపించే పెద్ద లోపం ఇదే. చక్రం జారాకే అది మేలుకుంటుంది, ఆ లోపు దారి పాడవుతుంది.

కొండ భుజం మీద బాట ఒక పక్కకి వాలి ఉంది, మీద తడి ఎర్రమట్టి. అక్కడ లెక్క తారుమారైంది. లాక్ వేసుకుని వచ్చిన బావ బండి వెనక భాగం మెల్లగా లోయ వైపు జారడం మొదలైంది. రెండు వెనక చక్రాలూ కలిసి తిరిగితే రెండూ కలిసే పట్టు కోల్పోతాయి, పక్కకు జారకుండా నిలబెట్టే చక్రం ఒక్కటీ మిగలదు. మామూలు డిఫరెన్షియల్ అయితే ఒకటి తిరిగిపోతున్నా రెండోది నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. మామయ్య కిందికి దిగి "గ్యాస్ తియ్! లాక్ తీసెయ్!" అని కేకేశారు. లైటు వెంటనే ఆరలేదు. లోపల పళ్లు ఒత్తిడిలో బిగుసుకుని ఉంటే స్విచ్ తీసినా లాక్ విడవదు. స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం తిప్పి, జానెడు వెనక్కి పోనిస్తే అప్పుడు విడిచింది. ఆ తర్వాత చాలా నెమ్మదిగా దాటాడు. నా బండి అదే చోట రెండు మూడు సార్లు కరకరమని, ఒక్క అంగుళం కూడా పక్కకి పోకుండా వచ్చేసింది. పైన చిన్న మలుపులో కూడా లాక్ ఉంటే బండి నేరుగానే పోతానంటుంది, స్టీరింగ్ మాట వినదు. అందుకే బావ మలుపు మలుపుకీ దాన్ని తీసేస్తూ వచ్చాడు. గట్టి రోడ్డు మీద అలాగే ఉంచితే యాక్సిళ్లకే ముప్పు.

కిందికి దిగాక వాగు ఇసుకలో నేను ట్రాక్షన్ కంట్రోల్ పూర్తిగా ఆపేశాను. ఇసుకలో బండి ఊపు చెడకూడదు, అక్కడ బ్రేకులు పడితే కూరుకుపోతుంది.

టైర్లలో మళ్లీ గాలి నింపుతున్నంతసేపూ వాదన సాగింది. సుజుకి జిమ్నీలాంటి తేలిక బండి బ్రేకుల పద్ధతితోనే చాలా దూరం వెళ్తుందని నేను అన్నాను. మెర్సిడెస్ జీ-క్లాస్‌కి మధ్య, వెనక, ముందు మూడు లాకులకీ మూడు స్విచ్‌లు ఊరికే పెట్టలేదని బావ అన్నాడు. నా మాట మీద నేను గట్టిగానే నిలబడ్డాను కానీ, ఆ రాళ్ల ఎక్కుడు చూశాక నా బండి వెనక యాక్సిల్‌కి లాక్ వేయించాలని తేల్చుకున్నాను. ముందు యాక్సిల్‌కి వేయించను, అక్కడ బ్రేకులే మేలు, స్టీరింగ్ తేలిగ్గా ఉంటుంది. లాక్ పడినప్పుడు ఏబీఎస్, ముందు చక్రాల ట్రాక్షన్ కంట్రోల్ పనిచేస్తూనే ఉంటాయో లేదో మెకానిక్‌ని ముందుగా అడగాలి. కొన్ని బండ్లలో లాక్ వేయగానే అవి ఆగిపోతాయి.