రాపిడ్ గేర్‌బాక్స్ పని: ఏ కిట్ కొన్నాను, ఏది కొనలేదు

మాది 2014 స్కోడా రాపిడ్, 1.6 పెట్రోల్ ఆటోమేటిక్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మీటర్ మీద 82 వేల కిలోమీటర్లు. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడైనా మార్పించారా అని పాత ఓనర్‌ని అడిగితే, "ఆయిలేగా, ప్రతి ఏడూ సర్వీస్‌లో మారుస్తారు" అన్నాడు. ఆయన చెప్పేది ఇంజన్ ఆయిల్ గురించి. అంటే గేర్‌బాక్స్ జోలికి ఎవరూ పోలేదన్నమాట.

ఇబ్బంది ఏమిటంటే, పొద్దున చల్లగా ఉన్నంతసేపు బండి బంగారం. బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర అరగంట ఆగుతూ కదులుతూ వేడెక్కాక, సిగ్నల్ దగ్గర స్లో చేస్తుంటే గేరు మూడు నుంచి రెండుకి దిగేటప్పుడు వెనక నుంచి ఎవరో తోసినట్టు చిన్న కుదుపు.

మొదటి శనివారం, కార్ల విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్‌కి వెళ్లాను. రాపిడ్ ఆటోమేటిక్‌కి గేర్‌బాక్స్ కిట్, అంటే బాగుచేయడానికి కావాల్సిన విడిభాగాల సెట్, కావాలన్నాను. కౌంటర్‌లో పెద్దాయన తల ఎత్తకుండానే "పెట్రోలా, డీజిలా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతోనే ఆయన మీద గౌరవం పెరిగింది. పెట్రోల్‌లో ఉన్నది జపాన్ కంపెనీ ఐసిన్ వాళ్ల ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా అందించే రకం) బాక్స్. ఫోక్స్‌వాగన్, స్కోడా దాన్ని 09జీ అంటాయి, ఐసిన్ సొంత పేరు టీఎఫ్-60ఎస్ఎన్. డీజిల్‌లో వచ్చింది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (ఆయిల్‌లో మునగని రెండు క్లచ్‌లతో పనిచేసే రకం). కారు పేరు ఒకటే, కడుపులో ఉన్నది వేరు. ఒకదాని కిట్ ఇంకోదానికి అస్సలు పనికిరాదు. అందుకే కిట్ కొనేముందు గేర్‌బాక్స్ కోడ్ రాసుకుని వెళ్లండి. సర్వీస్ పుస్తకంలో అతికించిన స్టిక్కర్‌లో మూడక్షరాల కోడ్ ఉంటుంది, బాక్స్ మీద కూడా కొట్టి ఉంటుంది.

ఇక కిట్లు. ఫిల్టర్ కిట్‌లో ఫిల్టర్, ప్యాన్ (బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తట్ట) గాస్కెట్, ఆయిల్ దించే ప్లగ్‌కి వాషర్ ఉంటాయి, అంతే. ఓవర్‌హాల్ కిట్ అంటే బాక్స్ మొత్తానికి కావాల్సిన గాస్కెట్లు, ఓ-రింగులు, సీళ్లు. బ్యానర్ కిట్‌లో వాటితోపాటు క్లచ్ ఫ్రిక్షన్ ప్లేట్లు వస్తాయి. మాస్టర్ కిట్‌లో వాటి మధ్య వేసే స్టీల్ ప్లేట్లూ కలుస్తాయి. పేర్లు ఇవే అయినా లోపల ఏముందన్నది కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి డబ్బా మీద పేరు కాదు, లిస్ట్ చదవాలి. "మళ్లీ మళ్లీ విప్పడమెందుకు సార్, మాస్టర్ కిట్టే వేసేయండి" అన్నాడు పక్కనున్న కుర్రాడు. ధర ఫిల్టర్ కిట్‌కి పది రెట్ల పైమాటే. అయినా కాసేపు ఊగిసలాడాను.

తర్వాత లిస్ట్ మళ్లీ చదివితే విషయం అర్థమైంది. వేడెక్కాక వచ్చే కుదుపుకి చాలాసార్లు మూలం వాల్వ్ బాడీలోనో (గేర్లు మారేందుకు ఆయిల్‌ని దారి మళ్లించే భాగం) సోలెనాయిడ్లలోనో (కరెంటుతో ఆ ఆయిల్‌ని అదుపు చేసే చిన్న వాల్వ్‌లు) ఉంటుంది. మాస్టర్ కిట్‌లో ఆ రెండూ ఉండవు! అంటే బాక్స్ మొత్తం కిందికి దించి, ప్లేట్లు ఆయిల్‌లో నానబెట్టి, అంత ఖర్చూ పెట్టాక కూడా నా కుదుపు నాకే మిగలొచ్చు. ముందు ప్యాన్ విప్పి లోపల ఏముందో చూద్దామని ఫిల్టర్ కిట్, ఈ బాక్స్‌కి సరిపోయే జేడబ్ల్యూఎస్ 3309 స్పెక్ ఆయిల్ తెచ్చుకున్నాను.

రెండో ఆదివారం, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్. నాలుగు వైపులా స్టాండ్లు పెట్టి బండిని సమంగా లేపాను. ఇది బద్ధకించే పని కాదు, బండి వాలితే ఆయిల్ లెవెల్ తప్పుతుంది. ప్లగ్ విప్పితే కాస్త ఆయిల్ కారి ఆగిపోయింది. లోపల ప్లాస్టిక్ గొట్టం ఒకటుంటుంది, లెవెల్ చూసేది దానితోనే. అలెన్ కీతో దాన్నీ తీశాకే అసలు ధార మొదలైంది. కొలిస్తే 3.3 లీటర్లు. రంగు చిక్కటి డికాషన్, మాడు వాసన మాత్రం లేదు.

ప్యాన్‌లో అయస్కాంతాల మీద బూడిద రంగు ముద్ద, కాటుకలా మెత్తగా ఉంది. వేళ్ల మధ్య నలిపి చూశాను, గరుకు తగల్లేదు. గుచ్చుకునే లోహపు తునకలో, పసుపుగా మెరిసే ఇత్తడి రజనో, నల్లటి క్లచ్ పొట్టో ఉంటే ఆ రోజే మాస్టర్ కిట్‌కి ఆర్డర్ పెట్టేవాణ్ని. అవేవీ లేవు.

గాస్కెట్ దగ్గర మాత్రం దెబ్బ తిన్నాను. కడిగిన ప్యాన్ మీద పరిచి చూస్తే ఒక మూల రెండు బోల్టు రంధ్రాలు కలవలేదు. కొనేటప్పుడు పాతదాని ఫొటో పక్కన పెట్టి పోల్చుకోకపోవడం నా తప్పే. మళ్లీ జేసీ రోడ్, ఇంకో వారం, కదలని బండి, ఇంట్లో ఆటో చార్జీల లెక్క.

నింపేటప్పుడు టెన్షన్ అంతా టెంపరేచర్‌తోనే. పని మొదలుపెట్టేటప్పుడు ఆయిల్ 30 డిగ్రీలు దాటకూడదు. కింద నుంచి చేతిపంపుతో ఎక్కించి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, గేర్లన్నీ ఒకసారి తిప్పి, 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఆ గొట్టంలోంచి చుక్కలు చుక్కలుగా పడుతుంటే ప్లగ్ బిగించాలి. బండికి తగిలించిన స్కానర్‌లో టెంపరేచర్ అంకె చూస్తూ మా తమ్ముడు పైనుంచి అరుస్తున్నాడు, కింద నేను. బెంగళూరులో పొద్దున ఆరింటికి ఇది సుఖమే. చెన్నైలో మే నెలలో ఇదే పని పెట్టుకున్న మా బావకి రాత్రంతా ఆగినా బండి 30కి దిగలేదట.

ఇప్పటికి 600 కిలోమీటర్లు అయ్యాయి. కుదుపు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. మొత్తం పట్టేది ఏడు లీటర్లు, నేను మార్చింది సగం కూడా కాదు. ఇంకోసారి అంతే తీసి పోస్తే కొత్త ఆయిల్ వాటా దాదాపు 70 శాతానికి వస్తుంది. అప్పటికీ వేడిలో తోస్తుంటే సోలెనాయిడ్ల సంగతి చూడాలి. రెండో విడతకి ప్యాన్ విప్పక్కర్లేదు, ప్లగ్ వాషర్ ఒక్కటి చాలు. అది మాత్రం ఈసారి పాతది జేబులో వేసుకెళ్లి, పక్కపక్కన పెట్టి చూసి, రెండు తెచ్చాను.