గ్రహణం మొర్రి

2024 ఏప్రిల్ 8న డల్లాస్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం. మా అమ్మాయి అప్పుడు ఐదో గ్రేడ్. బడిలో ఇచ్చిన అట్ట కళ్లద్దాలు రెండు రోజుల ముందు నుంచే పెట్టుకుని ఇల్లంతా తడుముకుంటూ తిరుగుతోంది. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన మా అమ్మకి మాత్రం ఒకటే టెన్షన్. హ్యూస్టన్‌లో ఉన్న మా తమ్ముడి భార్యకి ఐదో నెల. వీడియో కాల్‌లో జాగ్రత్తలు మొదలుపెట్టింది.

"కర్టెన్లన్నీ మూసెయ్యమ్మా. కత్తి ముట్టుకోకు, సూది పట్టుకోకు. విడుపు అయ్యేదాకా కదలకుండా పడుకో."

"ఆ టైమ్‌లో నాకు మీటింగ్ ఉంది అత్తయ్యా."

"పడుకునే చేసుకో మీటింగు."

ఆ గ్రహణం ఇండియాలో కనిపించదు. కాబట్టి అక్కడి పంచాంగాలు పట్టించుకోనక్కర్లేదనే చెప్పాయి. అయినా అమ్మ లెక్క అమ్మది. ఇక్కడ కనిపిస్తుంది కదా, ఇక్కడున్న వాళ్లకి పట్టింపు ఉంటుంది. తర్కంలో తప్పు పట్టలేం.

మా అమ్మాయి ఇదంతా విని, "పడుకోకపోతే ఏమవుతుంది అమ్మమ్మా?" అంది.

"పుట్టేవాళ్లకి గ్రహణం మొర్రి వస్తుందే."

మొర్రి అంటే ఏమిటో దానికి తెలియదు. అమ్మ పై పెదవిని వేలితో పైకెత్తి చూపించింది. అది కాసేపు ఆలోచించి అడిగింది, "అయితే ఆగీ వాళ్లమ్మ కూడా గ్రహణం చూసిందా?"

ఆగీ ఎవరో అమ్మకి తెలియదు. నాకు తెలుసు. ఆ వారమే వాళ్ల క్లాసులో 'వండర్' చదువుతున్నారు. ఆర్. జె. పలాసియో రాసిన ఈ నవల 2012లో వచ్చింది. ఆగీ న్యూయార్క్‌లో ఉండే పదేళ్ల పిల్లవాడు. ముఖంలో ఎముకలు పుట్టుకతోనే సరిగ్గా ఏర్పడలేదు. 27 ఆపరేషన్లు అయ్యాయి. అప్పటిదాకా ఇంట్లోనే చదువుకున్నవాడు ఐదో తరగతికి మొదటిసారి బడికి వెళ్తాడు. అక్కడ అతన్ని ముట్టుకుంటే తెగులు అంటుకుంటుందని పిల్లలు ఒక ఆట మొదలుపెడతారు.

రాత్రి అది పడుకున్నాక నేనూ చదివాను. హాలోవీన్ నాడు ముసుగేసుకున్న ఆగీని గుర్తుపట్టక, అతని స్నేహితుడే అతని గురించి ఘోరంగా మాట్లాడతాడు. ఆ చోట లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. కానీ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది పిల్లలు కాదు, ఒక తల్లి. తన కొడుకు క్లాసు ఫొటోలో ఆగీ ముఖం లేకుండా ఫొటోషాప్ చేయిస్తుందావిడ. చదువూ పలుకుబడీ ఉన్న మనిషి, ఒక్క చెడ్డ మాట అనదు. ముఖాన్ని తీసేస్తుంది, అంతే.

అసలు ఈ నవల పుట్టింది కూడా ఒక తల్లి చేసిన పొరపాటు నుంచే. ఐస్‌క్రీం షాపు దగ్గర ముఖం వేరుగా ఉన్న ఒక పాపను చూసి పలాసియో చిన్నకొడుకు ఏడ్చాడట. ఆ పాప నొచ్చుకుంటుందేమోనన్న కంగారులో ఆవిడ పిల్లల్ని తీసుకుని గబగబా వెళ్లిపోయారు. తర్వాత దానికి సిగ్గుపడి రాయడం మొదలుపెట్టారు. ఆవిడ తల్లిదండ్రులు కొలంబియా నుంచి వచ్చినవాళ్లు. పలాసియో అన్నది తల్లి పుట్టింటి ఇంటిపేరు. (అది పుస్తకం అట్ట మీదకి ఎక్కడం నాకెందుకో బాగా నచ్చింది. నా పుట్టింటి పేరు పాస్‌పోర్టులో గందరగోళానికి తప్ప దేనికీ పనికి రాలేదు.)

ఆ గబగబా వెళ్లిపోవడం నేనూ చేశాను. మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు, బిల్లు కట్టే వరుసలో ముందున్నాయన ముఖం మీద కాలిన మచ్చల్ని అది కన్నార్పకుండా చూస్తుంటే, చెయ్యి పట్టి లాక్కెళ్లి వేరే వరుసలో నిలబెట్టాను. ఈ దేశంలో నేర్చుకున్న మర్యాద అది. అక్కడ మా అమ్మే ఉంటే తిన్నగా ఆయన దగ్గరికెళ్లి "అయ్యో, ఎలా కాలింది బాబూ?" అనేది. ఏది మేలో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ కనీసం ఆయన కళ్లలోకి చూసేది.

మళ్లీ ఆ రోజుకి వస్తే, "ఆగీది జీన్స్ వల్ల అమ్మమ్మా, గ్రహణం వల్ల కాదు" అని మా అమ్మాయి తేల్చేసింది. అమ్మ వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు.

"మా వీధిలో ఒకావిడకి అలాంటి పిల్లాడు పుట్టాడే. గ్రహణం వేళ బయటికొచ్చావని అత్తగారు పోయేదాకా ఆవిణ్ణి ఆడిపోసుకుంది. తను తలుపేసుకుని లోపలే ఉన్నానని ఆవిడ ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు" అంది.

పిండంలో పెదవి రెండు వైపుల నుంచీ వచ్చి కలిసేది నాలుగు నుంచి ఏడు వారాల మధ్య. కొందరికి అప్పటికి కడుపుతో ఉన్నట్టే తెలియదు. ఐదో నెలలో కర్టెన్లు వేసుకుంటే ఏమిటి, తీస్తే ఏమిటి! ఆ మాటే అమ్మతో అన్నాను. "ఒక్క పూట పడుకుంటే పోయేదేముంది?" అంది. మరదలు కెమెరా ఆపేసి పడుకునే మీటింగ్ చేసిందని తర్వాత తెలిసింది. నేను నవ్వలేదు. ఏదైనా జరిగితే తల్లినే అంటారన్న భయం ఆ పిల్లకీ ఉంటుంది. మనం పెట్టుకున్న ఆ పేరులోనే నింద ఉంది.

"అమ్మా, నీకు అలాంటి వాళ్లెవరైనా తెలుసా?" అని మా అమ్మాయి నా వైపు తిరిగింది.

తెలుసు. ఆరు నుంచి పది దాకా నా క్లాసే. మ్యాపులు చూడకుండా వేసేవాడు, గోదావరి ఉపనదులన్నీ ఎక్కడివక్కడ పెట్టేవాడు. మాట ముక్కులోంచి వచ్చేది, అందుకని పాఠం చదవమంటే లేచి ఊరికే నిలబడేవాడు. ఒకసారి పరీక్షలో నాకు కంపాస్ ఇచ్చాడు. తిరిగి ఇచ్చేశానో లేదో గుర్తు లేదు. ఇవన్నీ చెప్పాను.

"పేరేంటి?"

మొర్రోడు అనేవాళ్లం. మాస్టార్లూ అదే అనేవారు. మా ఊళ్లో కుంటోడు, నత్తోడు, మెల్లకన్నోడు, అందరూ అలాగే చలామణీ అయ్యేవారు. అందులో ద్వేషం ఉండేది కాదని మా అమ్మాయికి నచ్చజెప్పబోయాను.

"అది కాదమ్మా. పేరు."

సోమవారం మధ్యాహ్నం 1:40కి డల్లాస్ చీకటైపోయింది. దాదాపు నాలుగు నిమిషాలు. ఆఫీసు పార్కింగ్‌లో అందరూ కేకలు పెడుతుంటే నేను ఐదేళ్ల హాజరు పిలుపులు గుర్తు చేసుకుంటూ నిలబడ్డాను. నా ముందు పేరూ నా వెనక పేరూ వస్తున్నాయి గానీ అతనిది రావట్లేదు.

సాయంత్రం మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో అడిగాను. పది నిమిషాల్లో ఎనిమిది మంది "ఎవరు, మొర్రోడా?" అన్నారు. ఒకడు రోల్ నంబరు కూడా చెప్పాడు, 34. మర్నాడు పొద్దున సీరియల్ తింటూ మా అమ్మాయి "దొరికిందా?" అంది. ఫోన్ తీసి మళ్లీ చూశాను. గ్రూపులో 61 మందిమి ఉన్నాం. అతన్ని ఎవరూ చేర్చలేదు.